చెల్లించలేనివారు, చెల్లించనివారు: తెలుగు నేలపై పన్ను గడువు, బకాయిల చరిత్ర

వ్యాస సంగ్రహం

పన్నుల చరిత్రను రేట్ల చరిత్రగా, ఖజానా రాబడి చరిత్రగా రాయడం పరిపాటి. గడువు దాటిన తరువాత ఏం జరిగిందన్న ప్రశ్నకు ఆ చరిత్రలలో దక్కిన చోటు తక్కువ. భూమిశిస్తు కిస్తీ నుంచి వ్యక్తిగత ఆదాయపన్ను రిటర్ను వరకు తెలుగు నేలపై బకాయిదారుని పట్ల ప్రభుత్వాలు అనుసరించిన విధానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వసూలు సాధనం దేహం నుంచి ఆస్తికి, ఆస్తి నుంచి వడ్డీకి క్రమంగా మారింది. అయితే చెల్లించలేనివారిని, శక్తి ఉండీ చెల్లించనివారిని వేరుచేసే అధికారం ఎవరిది, ఆ నిర్ణయానికి ఆధారం ఏమిటి అన్న ప్రశ్న మాత్రం రెండు శతాబ్దాలుగా మారలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కిస్తీ, బకాయి, జమాబందీ, వజా, జప్తు, రెవెన్యూ రికవరీ చట్టం, ఆదాయపన్ను, రిటర్ను, గడువు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో పన్ను వ్యవహారానికి సంబంధించిన పదజాలం రెండు పొరలుగా కనిపిస్తుంది. పన్ను, అప్పు, గడువు, చెల్లు వంటివి దేశ్య పదాలు. బకాయి, కిస్తీ, జమాబందీ, జప్తు వంటివి అరబీ మూలాల నుంచి పారసీ పరిపాలనా భాష ద్వారా వచ్చి కచేరీ కాగితాలలో స్థిరపడినవి. ఇచ్చిపుచ్చుకోవడాన్ని చెప్పే మాటలు ఎక్కువగా మొదటి పొరలో ఉండగా, ఇవ్వకపోతే జరిగేదాన్ని చెప్పే మాటలు రెండవ పొరలో ఉండటం గమనార్హం. ‘చెల్లు’ అన్న ధాతువుకు తెలుగులో చెల్లుబాటు కావడం, ముట్టడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. చెల్లించినవాని మాట చెల్లుతుంది. చెల్లించనివాని మాటను నమ్మాలా వద్దా అన్నది ప్రతి యుగంలోనూ అధికారి విచక్షణకే మిగిలింది.

చెల్లించలేకపోవడం, చెల్లించకపోవడం అన్న మాటల మధ్య వ్యాకరణరీత్యా ఉన్న తేడా ఒక్క అక్షరం. పరిపాలనలో ఆ తేడా రుజువుకు సంబంధించినది. పంట పోయిన రైతు కూడా, ధాన్యం పాతరలో దాచిన రైతు కూడా కిస్తీ రోజున ఖాళీ చేతులతోనే నిలబడతారు. వారిద్దరినీ విడదీయడానికి ప్రభుత్వం ఏ పద్ధతిని ఎంచుకున్నదో గమనిస్తే, దానికి ప్రజలపై ఉన్న నమ్మకం ఎంతో తెలుస్తుంది. ఈ దృష్టితో చూసినప్పుడు భూమిశిస్తు, ఆదాయపన్ను రెండు వేర్వేరు చరిత్రలు కావు. 1922 నాటి ఆదాయపన్ను చట్టం తన బకాయిల వసూలుకు భూమిశిస్తు యంత్రాంగాన్నే అరువు తెచ్చుకున్నది.

2. మధ్యవర్తి బకాయి: గోల్కొండ నుంచి పద్మనాభం దాకా

కంపెనీ పాలనకు ముందు రాజ్యానికి బాకీపడేవాడు ప్రధానంగా మధ్యవర్తి. రైతు నుంచి వసూలుచేసి పైకి పంపే అధికారి, జమీందారు, గుత్తదారు రాజ్యానికి నేరుగా జవాబుదారులు. ఈ దశకు జనస్మృతిలో నిలిచిన ఉదాహరణ కంచర్ల గోపన్న. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో (1672–87) పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉన్న గోపన్న, వసూలైన సొమ్మును భద్రాచల ఆలయానికి వెచ్చించి కారాగారం పాలయ్యాడని సంప్రదాయ కథనం. రామలక్ష్మణులు వచ్చి బాకీ తీర్చి రసీదు పుచ్చుకున్నారని ఆ కథనం చెబుతుంది. ఇందులోని భక్త్యంశాన్ని పక్కన పెట్టి చూసినా, పాలనకు సంబంధించిన ఒక అవగాహన కనిపిస్తుంది. బాకీకి హామీ మనిషి దేహం. విడుదలకు ఆధారం రసీదు. సొమ్ము స్వార్థానికి వాడుకోలేదన్న వాదన సుల్తాను కొలువులో చెల్లలేదు. దేవుడు ప్రత్యక్షమైన కథలో కూడా లెక్క పూర్తిగా తీరిన తరువాతే ఖైదు ముగిసింది.

ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత ఇదే సంబంధం మరింత కఠినంగా మారింది. జమీందారులు చెల్లించవలసిన పేష్కష్ ఒక రాజకీయ విధేయతా చిహ్నంగా ఉన్న దశ పోయి, తేదీల ప్రకారం జమకావలసిన రొక్కంగా మారింది. విజయనగరం పూసపాటి విజయరామరాజుకు కంపెనీతో వచ్చిన వైరానికి పేష్కష్ బకాయిలు ఒక ముఖ్య కారణం. 1794 జూలై 10న పద్మనాభం వద్ద జరిగిన పోరులో ఆయన ప్రాణాలు కోల్పోయాడు. బకాయి వ్యవహారం యుద్ధభూమికి చేరిన ఘట్టంగా పద్మనాభాన్ని చూడవచ్చు.

1793లో బెంగాల్‌లో ప్రవేశపెట్టిన శాశ్వత కౌలు విధానం గడువుకు కొత్త నిర్వచనం ఇచ్చింది. నిర్ణీత దినాన సూర్యాస్తమయంలోగా సొమ్ము జమకాకపోతే ఎస్టేటు వేలానికి వెళ్ళే పద్ధతి అక్కడ ‘సూర్యాస్తమయ శాసనం’గా పేరుపొందింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నాటి 25వ రెగ్యులేషన్ ఇదే సూత్రాన్ని తెలుగు జిల్లాలకు తెచ్చింది. పేష్కష్ శాశ్వతంగా స్థిరపడింది. దానితోపాటు మన్నింపు లేకపోవడం కూడా స్థిరపడింది. వాన కురిసినా కురవకపోయినా మొత్తం ఒకటే, తేదీ ఒకటే. ఈ నియమం కరువును పరిగణనలోకి తీసుకోదన్న సత్యం 1832–33 నాటి గుంటూరు కరువులో బయటపడింది. ‘డొక్కల కరువు’గా జనం గుర్తుంచుకున్న ఆ విపత్తు తరువాత గుంటూరు జమీందారీలు బకాయిల భారం నుంచి తేరుకోలేక ప్రభుత్వ స్వాధీనమయ్యాయి. ఆ పరిస్థితిపై విచారణ జరిపిన వాల్టర్ ఎలియట్ 1846లో నివేదిక సమర్పించాడు. ఇదే జిల్లాపై రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన అధ్యయనం మరొక కోణాన్ని చూపింది. జిల్లాలో అసలు పట్టు కలెక్టరుకు కాక కచేరీ సిబ్బందికే ఉండేదని, పైకి చేరే లెక్కలను వారే నియంత్రించేవారని ఆయన వాదించాడు. ఈ వాదనను అంగీకరిస్తే బకాయి అన్నది కేవలం చెల్లించనివాని స్థితి కాదు, లెక్క రాసేవాని చేతిలోని సాధనం కూడా అవుతుంది.

3. రైతువారీ: జమాబందీ, వజా

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్త మండలాలలో పరిస్థితి వేరు. 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, మధ్యవర్తిని తొలగించి రైతుతో నేరుగా ఒప్పందం చేసుకునే మార్గాన్ని రూపొందించాడు. దీనితో ప్రభుత్వానికి బాకీపడేవాడు మారిపోయాడు. పట్టా పుచ్చుకున్న ప్రతి రైతూ తన పేరున, తన మొత్తానికి, తన కిస్తీలకు బాధ్యుడయ్యాడు. ఆధునిక అర్థంలో వ్యక్తిగత పన్ను చెల్లింపుదారుడు తెలుగు నేలపై విస్తృతంగా కనిపించేది ఇక్కడి నుంచే.

ఈ విధానంలో ఏటా జరిగే జమాబందీకి ప్రత్యేక స్థానం ఉంది. సాగుచేసిన భూమి ఎంత, ఎండిపోయిన పైరు ఎంత, శిస్తులో ఎంత తగ్గించాలి అన్న విషయాలు అక్కడ తేలేవి. ఆ తగ్గింపే వజా. సూత్రరీత్యా వజా అన్నది చెల్లించలేనివారిని గుర్తించే పద్ధతి. దానికి ఆధారం కరణం రాసిన లెక్క, మునసబు చెప్పిన సాక్ష్యం, తహశీల్దారు తనిఖీ. వీరిలో ఎవరి అనుగ్రహం తప్పినా ఎండిన పొలం కాగితం మీద పచ్చగా కనిపించే అవకాశం ఉంది. ఆ లెక్కను రైతు స్వయంగా రాయడు. అనేక సందర్భాలలో చదవనూ లేడు.

మన్రో 1807 నివేదికలో శిస్తును 25 శాతం తగ్గించాలని సిఫార్సు చేశాడు. ఒక రైతు చెల్లించలేకపోతే ఆ లోటును తోటి రైతులపై వేయవచ్చని, అయితే ఆ అదనపు భారం 10 శాతం మించరాదని కూడా ప్రతిపాదించాడు. మొదటి సిఫార్సు ఉదారమైనది. రెండవది అనుమానం నుంచి పుట్టినది. పొరుగువానికి నష్టం కలిగితేనే ఎగవేతదారుని గుట్టు బయటపెడతాడన్న లెక్క దాని వెనుక ఉంది. ఎవరు అశక్తులో ఎవరు మొండికేసినవారో తేల్చే పనిని ప్రభుత్వం ఊరి మీదనే మోపింది.

గడువు విషయంలో మరో చిక్కు ఉంది. రైతు కాలం విత్తనంతో, కోతతో నడుస్తుంది. ప్రభుత్వ కాలం ఫసలీ సంవత్సరంతో నడుస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో అది జూలై 1న మొదలయ్యేది. పంట అమ్ముడుపోకముందే కిస్తీ తేదీ వస్తే రైతు సాహుకారును ఆశ్రయించక తప్పదు. అలాంటి రైతు ప్రభుత్వ దప్తరంలో సకాలంలో చెల్లించినవాడుగా నమోదవుతాడు. అతని బకాయి మాయంకాదు. ప్రభుత్వ ఖాతా నుంచి సాహుకారు ఖాతాకు మారుతుంది. సకాల చెల్లింపుల గణాంకాలను శ్రేయస్సుకు సూచికలుగా చదవడంలో చరిత్రకారులు జాగ్రత్తపడవలసిన చోటు ఇది.

నిజాం రాజ్యంలో మధ్యవర్తి దశ మరికొంత కాలం సాగింది. తాలూకాలను గుత్తకు ఇచ్చే పద్ధతిలో వసూలుదారునికి తన పెట్టుబడి రాబట్టుకోవడమే ప్రధానం. రైతు శక్తిని విచారించవలసిన అవసరం అతనికి లేదు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా చేపట్టిన సంస్కరణలు, ప్రత్యేకించి 1865 నాటి జిల్లాబందీ, జీతం తీసుకునే అధికారుల ద్వారా వసూలుచేసే వ్యవస్థను అక్కడ నెలకొల్పాయి.

4. దేహం మీద వసూలు: 1855 నివేదిక

రైతువారీ కాగితం మీద విచారణకు చోటిచ్చింది. క్షేత్రస్థాయిలో విచారణ స్థానాన్ని హింస ఆక్రమించింది. 1852లో గాజుల లక్ష్మీనరసు చెట్టి నాయకత్వంలో ఏర్పడిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఈ విషయాన్ని బ్రిటిష్ పార్లమెంటు దృష్టికి తీసుకువెళ్ళింది. మద్రాసుకు వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్‌కు లక్ష్మీనరసు చెట్టి గ్రామాల స్థితిని ప్రత్యక్షంగా చూపించాడు. 1854లో కామన్స్ సభలో చర్చ జరిగిన మీదట ముగ్గురు సభ్యుల విచారణ సంఘం ఏర్పడింది. ఇ.ఎఫ్. ఎలియట్, హెచ్. స్టోక్స్, జె.బి. నార్టన్ సంతకాలతో దాని నివేదిక 1855లో వెలువడింది.

శిస్తు వసూలు కోసం చిత్రహింస వాడుకలో ఉన్నదని ఆ సంఘం నిర్ధారించింది. వేళ్ళను కర్రల మధ్య బిగించే సాధనం తెలుగు జిల్లాలలో ‘చిరత’గా వ్యవహారంలో ఉన్నట్టు నివేదిక నమోదు చేసింది. మనిషిని వంచి మెడకూ కాలివేళ్ళకూ తాడు కట్టి ఎండలో నిలబెట్టడం మరో పద్ధతి. ఈ పద్ధతులకు ఏ చట్టమూ అనుమతి ఇవ్వలేదు. అయినా అవి రాజ్యం అవసరాన్ని తీర్చాయి. చిత్రహింస వెనుక ఉన్న తర్కం ఒక్కటే: రైతు దగ్గర సొమ్ము ఉంది, దాచాడు, బాధపెడితే తీస్తాడు. అంటే ప్రతి బకాయిదారుడూ ముందుగానే చెల్లించనివానిగా నిర్ణయమైపోయాడు. నిజంగా ఏమీ లేనివాడు దానిని నిరూపించుకోవడానికి మిగిలిన మార్గం బాధను చివరిదాకా భరించడమే.

చిత్రహింస ఉన్నదన్న నిర్ధారణ కన్నా బాధితులకు న్యాయం పొందే దారి లేకపోవడమే తమను మరింత కలచివేసిందని సంఘం అభిప్రాయపడటం గమనించదగ్గది. కలెక్టరు కచేరీ దూరం, ప్రయాణ ఖర్చు ఎక్కువ. అంత దూరం వెళ్ళి అర్జీ ఇచ్చినా అది విచారణ నిమిత్తం తిరిగి తహశీల్దారు దగ్గరికే చేరేది. ఏ అధికారి మీద ఫిర్యాదో ఆ అధికారే విచారణాధికారి. నివేదిక నిందను ఎక్కువగా కింది స్థాయి దేశీయ ఉద్యోగులపై మోపింది. గడువులోగా పూర్తి వసూలు చూపమని పైనుంచి వచ్చే ఒత్తిడికి, కింద జరిగే హింసకు మధ్య సంబంధాన్ని అది తగినంతగా పరిశీలించలేదు. 1857లో న్యూయార్క్ పత్రికలో కార్ల్ మార్క్స్ ఈ నివేదికను ఆధారం చేసుకుని రాసిన వ్యాసం ఆ బాధ్యతను పాలకుల వైపుకు తిప్పింది.

నివేదికకు పాలనాపరమైన ఫలితం లేకపోలేదు. రెవెన్యూ, పోలీసు అధికారాలు ఒకే చేతిలో ఉండటం హింసకు మూలమన్న గ్రహింపు బలపడి, 1859 నాటి 24వ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో పోలీసు శాఖను వేరుచేసింది.

5. ఆస్తి మీద వసూలు: 1864 చట్టం

హింసను నిషేధిస్తే సరిపోదు. దాని స్థానంలో వసూలుకు మరో మార్గం చూపాలి. మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం, అంటే 1864 నాటి 2వ చట్టం, ఆ పని చేసింది. నోటీసు, చరాస్తి జప్తు, స్థిరాస్తి జప్తు, బహిరంగ వేలం అన్న క్రమాన్ని అది ఏర్పరిచింది. బకాయిపై ఏడాదికి 6 శాతం వడ్డీ విధించింది. కిట్టి బిగింపు నుంచి కాగితపు నోటీసు దాకా జరిగిన ఈ ప్రయాణాన్ని తక్కువగా అంచనా వేయరాదు. ఏ అడుగు ముందో ఏది తరువాతో తెలిసిన రైతు కనీసం దేనికి సిద్ధపడాలో ఊహించగలడు.

అయితే దేహం ఈ చట్టం నుంచి పూర్తిగా తొలగిపోలేదు. ఆస్తి అమ్మినా బాకీ తీరనప్పుడు, బకాయిదారుడు ఉద్దేశపూర్వకంగా చెల్లింపు ఆపుతున్నాడనో మోసానికి పాల్పడ్డాడనో నమ్మడానికి కలెక్టరుకు కారణం ఉంటే అరెస్టు చేయించవచ్చని 48వ సెక్షన్ చెప్పింది. స్త్రీలను మినహాయించింది. ఖైదుకు బాకీ పరిమాణాన్నిబట్టి పరిమితి పెట్టింది: 50 రూపాయలు మించకపోతే మూడు నెలలు, 500 మించకపోతే ఆరు నెలలు, ఆపైన రెండేళ్ళు. శిక్ష అనుభవించినంత మాత్రాన బాకీ రద్దుకాదని కూడా స్పష్టంచేసింది.

చెల్లించలేనివారికీ చెల్లించనివారికీ మధ్య గీత చట్టం మాటలలో స్పష్టంగా పడిన సందర్భం ఇది. ఉద్దేశం ఉంటేనే అరెస్టు, లేకుంటే లేదు. ఇది 1855 నాటి అనుమానతర్కానికి సమాధానం. కాని ఆ గీత ఎక్కడ పడాలో తేల్చేది కలెక్టరు నమ్మకం. బాకీ కోరే అధికారే బాకీదారుని మనసును చదివే అధికారి. ఈ చట్టం స్వాతంత్ర్యానంతరం కూడా ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ రికవరీ చట్టం, 1864 అన్న పేరుతో కొనసాగింది. భూమిశిస్తు నామమాత్రమైన తరువాత కూడా ఇతర ప్రభుత్వ బకాయిలను ‘భూమిశిస్తు బకాయివలె’ వసూలుచేయడానికి అది పనికివచ్చింది. మూలమైన పన్ను కన్నా దాని వసూలు పద్ధతి ఎక్కువకాలం బతికిన సందర్భం ఇది.

6. లెక్క రాసే చేయి మారడం: ఆదాయపన్ను

1857 తిరుగుబాటు అణచివేత ఖర్చులు ఖజానాను కుంగదీయడంతో ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ 1860 ఫిబ్రవరి 18న ఆదాయపన్నును ప్రతిపాదించాడు. అది ఆ ఏడాది జూలై 24న అమలులోకి వచ్చింది. ఏటా 200 నుంచి 500 రూపాయల ఆదాయంపై 2 శాతం, ఆపై 4 శాతం పన్ను. మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవీల్యన్ దీనిని బహిరంగంగా వ్యతిరేకించాడు. కొత్త పన్నులు అసంతృప్తిని రేపుతాయని, ఖర్చు తగ్గించుకోవడమే మార్గమని ఆయన వాదన. ఆ అభ్యంతరాలను పత్రికలకు విడుదల చేసినందుకు ఆయనను వెనక్కి పిలిపించారు.

1865లో రద్దై, లైసెన్సు పన్నుగా, సర్టిఫికెట్ పన్నుగా, మళ్ళీ ఆదాయపన్నుగా రూపాలు మార్చుకుంటూ వచ్చిన ఈ విధానం 1886 నాటి 2వ చట్టంతో స్థిరపడింది. వ్యవసాయ ఆదాయానికి మినహాయింపు, 500 రూపాయల పరిమితి దాని ముఖ్య లక్షణాలు. మద్రాసు ప్రెసిడెన్సీలో దీని అమలు రెవెన్యూ శాఖ చేతిలోనే ఉండేది. శిస్తు వసూలుచేసే కచేరీయే వర్తకుని, వకీలును, వడ్డీ వ్యాపారిని కూడా అంచనా వేసేది.

భూమిశిస్తుతో పోలిస్తే ఇక్కడ ఒక మౌలిక భేదం ఉంది. పొలం కనిపిస్తుంది, ఆదాయం కనిపించదు. కరణం గట్టుమీద నిలబడి పైరు చూడగలడు కాని వర్తకుని చిట్టా తెరవలేడు. కనుక లెక్క చెప్పవలసిన బాధ్యత పన్ను చెల్లించేవానికే బదిలీ అయింది. రిటర్ను అంటే చెల్లింపుదారుడు తనపై తానే ఇచ్చుకునే వాంగ్మూలం. 1922 నాటి చట్టం, దానికి 1939లో వచ్చిన సవరణ ఈ బాధ్యతను సార్వత్రికం చేశాయి. పన్ను పరిధిలోని ఆదాయం ఉన్న ప్రతివారూ బహిరంగ ప్రకటనకు స్పందించి రిటర్ను దాఖలు చేయాలి. దాఖలు చేయకపోతే అధికారి తనకు తోచిన మేరకు ఆదాయాన్ని నిర్ణయిస్తాడు. రైతువారీలో రైతు మౌనం కరణం లెక్కను బలపరిచింది. ఆదాయపన్నులో చెల్లింపుదారుని మౌనం అధికారి అంచనాను బలపరుస్తుంది.

దీనివల్ల గడువు ఒకటి కాక రెండయ్యాయి: లెక్క చెప్పే గడువు, సొమ్ము కట్టే గడువు. సొమ్ము లేనివాడు కూడా లెక్క చెప్పగలడు. ఈ రెంటినీ వేరుగా చూడగలిగినప్పుడే అశక్తతకూ దాపరికానికీ తేడా తెలుస్తుంది. సకాలంలో రిటర్ను దాఖలుచేసి పన్ను చెల్లించలేకపోయినవాడు కనీసం తన స్థితిని దాచలేదు. చెల్లింపుదారుని చేతికి వచ్చిన మొదటి రుజువు ఇదే. కరణం కాలంలో రైతుకు అటువంటిది లేదు.

7. నిరాకరణ: పెదనందిపాడు

1921–22లో గుంటూరు జిల్లాలో ఈ చర్చ తలకిందులైంది. చీరాల–పేరాలలో పురపాలక పన్నుకు వ్యతిరేకంగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ప్రజలు ఊరు విడిచి రామనగర్‌లో కాపురముండగా, పల్నాటిలో పుల్లరి వ్యతిరేక పోరాటం కన్నెగంటి హనుమంతు బలిదానానికి దారితీసింది. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు భూమిశిస్తు చెల్లించడం మానుకున్నారు. గ్రామోద్యోగులు రాజీనామాలు చేశారు. 1922 ఫిబ్రవరిలో ఆ ఉద్యమం ముగిసింది.

బకాయిల చరిత్రలో పెదనందిపాడు ప్రాముఖ్యం వేరు. అంతవరకు ప్రతి బకాయిదారుడూ తాను అశక్తుడనని చెప్పుకున్నాడు, ప్రభుత్వం శంకించింది. ఇక్కడ రైతులు తమకు శక్తి ఉన్నదనీ, అయినా చెల్లించబోమనీ బహిరంగంగా ప్రకటించారు. 1864 చట్టం దోషంగా గుర్తించిన ‘ఉద్దేశం’ వారి చేతిలో రాజకీయ వాదనగా మారింది. గ్రామోద్యోగుల రాజీనామాలకు కూడా ఇదే దృష్టిలో అర్థం ఉంది. ఎవరి దగ్గర ఏముందో తెలిసిన కరణం, మునసబు తప్పుకుంటే ప్రభుత్వానికి ఊరు చదవరాని గ్రంథమే.

8. రెండు ధారల సంగమం: 1957 తీర్పు

1922 ఆదాయపన్ను చట్టం 46వ సెక్షన్ ప్రకారం, పన్ను బాకీపడితే ఆదాయపన్ను అధికారి కలెక్టరుకు ధ్రువపత్రం పంపవచ్చు. కలెక్టరు దానిని భూమిశిస్తు బకాయివలె వసూలుచేయాలి. దీనితో 1864 చట్టంలోని అరెస్టు అధికారం ఆదాయపన్ను బకాయిదారునికీ వర్తించింది. నాటి మద్రాసు రాష్ట్రంలోని మలబారు కలెక్టరు ఈ అధికారాన్ని వినియోగించినప్పుడు దాని రాజ్యాంగబద్ధత ప్రశ్నార్థకమైంది. హైకోర్టు ఆ సెక్షన్ చెల్లదన్నది. 1957లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని తిరస్కరించి 48వ సెక్షన్‌ను సమర్థించింది. ఈ అరెస్టు నేరానికి శిక్ష కాదని, వసూలుకు ఒక మార్గం మాత్రమేనని న్యాయస్థానం భావించింది.

న్యాయసూత్రంగా ఆ భేదం స్పష్టమే. చరిత్ర దృష్టిలో అది మరొక విషయాన్ని సూచిస్తుంది. నేరమైతే ఉద్దేశాన్ని న్యాయస్థానం ముందు రుజువుచేయాలి. వసూలు మార్గమైతే అధికారికి నమ్మే కారణం ఉంటే చాలు. చెల్లించలేనివారినీ చెల్లించనివారినీ వేరుచేసే పని గణతంత్ర రాజ్యంలో కూడా మొదట కలెక్టరు బల్ల దగ్గరే మిగిలింది. హైదరాబాదు రాజ్యం తన ఆదాయపన్ను చట్టాన్ని 1357 ఫసలీలో, అంటే 1947–48 ప్రాంతంలో చేసుకున్నది. 1950 నుంచి భారత చట్టం అక్కడికి విస్తరించడంతో రెండు తెలుగు ప్రాంతాలూ ఒకే పన్ను గొడుగు కిందికి వచ్చాయి.

9. కాలం మీద వసూలు: 1961 తరువాత

1961 ఆదాయపన్ను చట్టం కలెక్టరుపై ఆధారపడటాన్ని తగ్గించి, శాఖకు సొంత వసూలు అధికారులను ఏర్పరిచింది. దాని రెండవ షెడ్యూలులో అరెస్టు, సివిల్ జైలు నిబంధనలు ఉన్నా, ముందుగా సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. చెల్లించే శక్తి ఉండీ నిరాకరిస్తున్నాడనో, నిర్లక్ష్యం చేస్తున్నాడనో, ఆస్తిని దాటించాడనో అధికారి సంతృప్తి చెందాలి. 1864 నాటి గీత ఇక్కడ కారణాల జాబితాగా విస్తరించింది.

సామాన్య చెల్లింపుదారునికి ఎదురయ్యేది మాత్రం అరెస్టు కాదు, వడ్డీ. రిటర్ను ఆలస్యానికి, ముందస్తు పన్ను లోటుకు వడ్డీ విధించే నిబంధనలు 1989 నుంచి అమలులోకి వచ్చాయి. డిమాండు నోటీసు అందిన 30 రోజులలో చెల్లించకపోతే నెలకు 1 శాతం వడ్డీ నడుస్తుంది. ఆలస్యపు రిటర్నుకు రుసుము 2018–19 మదింపు సంవత్సరం నుంచి తప్పనిసరి అయింది. 5 లక్షల రూపాయల లోపు ఆదాయానికి అది 1,000 రూపాయలు; ఆపై ప్రస్తుతం 5,000. దేహాన్ని, భూమిని దాటి వసూలు ఇప్పుడు కాలానికి ధర కడుతున్నది. ఈ ధరను కంప్యూటరు లెక్కిస్తుంది. అది ఎవరినీ అనుమానించదు, ఎవరినీ అర్థం చేసుకోదు. ఆసుపత్రి ఖర్చులకు సొమ్ము పోయిన ఉద్యోగికీ, కావాలని వాయిదా వేసిన వ్యాపారికీ నెలకు పడే శాతం ఒక్కటే.

విచక్షణకు చోటు పూర్తిగా పోలేదు. గడువులోగా దరఖాస్తు చేసుకుంటే వాయిదాలలో చెల్లించడానికి 220వ సెక్షన్ అవకాశమిచ్చింది. నిజమైన కష్టం, తన అదుపులో లేని కారణం, అధికారులకు సహకారం అనే మూడు షరతులు నెరవేరితే వడ్డీ తగ్గింపునూ అనుమతించింది. రిటర్ను ఆలస్యాన్ని మన్నించే అధికారాన్ని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డుకు 119వ సెక్షన్ ఇచ్చింది. ఇవి జమాబందీ నాటి వజాకు వారసులు. అయితే వజాను అడగకపోయినా కరణం కనీసం పొలం చూసేవాడు. నేటి మన్నింపు అడిగినవారికే దక్కుతుంది. అడగడానికి ఆ నిబంధన ఉందని తెలియాలి, కారణాన్ని కాగితాలతో చూపగలగాలి. డిమాండు నోటీసుకు భయపడి మౌనంగా ఉండిపోయేవారికి అది అందదు.

2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ఈ వ్యవస్థలోని మరో లోపాన్ని వెల్లడించింది. 2009–10 వరకు గల 25,000 రూపాయల లోపు, 2010–11 నుంచి 2014–15 వరకు గల 10,000 రూపాయల లోపు ప్రత్యక్ష పన్ను డిమాండ్లను ఉపసంహరిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. వాటిలో కొన్ని 1962 నాటివి. సుమారు కోటి మందికి లబ్ధి కలుగుతుందని అంచనా. ధ్రువపడని, సరిచూడని, వివాదంలో ఉన్న చిన్న మొత్తాలు దశాబ్దాల తరబడి పుస్తకాలలో నిలిచిపోయి, నిజాయితీగా చెల్లించేవారి రిఫండ్లకు కూడా అడ్డుపడ్డాయని ఆ ప్రకటన అంగీకరించింది. బకాయి ఎప్పుడూ చెల్లింపుదారుని తప్పే కానవసరం లేదని, లెక్క రాసే చేతికీ అందులో వాటా ఉండవచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భం ఇది.

10. ఉపసంహారం

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, వసూలు సాధనం దేహం నుంచి ఆస్తికి, ఆస్తి నుంచి వడ్డీకి మారిన క్రమం నిజమైన పురోగతి. అయితే పాత సాధనం తొలగిపోకుండా కొత్తదాని వెనుక నిలిచే ఉంది. రెండవది, అశక్తతనూ ఉద్దేశాన్నీ వేరుచేసే బాధ్యత చట్టం మాటలలోకి వచ్చినప్పటికీ, దానిని నిర్వహించే అధికారం సొమ్ము రావలసిన పక్షం వద్దనే మిగిలింది. మూడవది, లెక్క రాసే పని చెల్లింపుదారుని చేతికి రావడం భారమే అయినా, అది అతనికి దక్కిన హక్కు కూడా. గడువులోగా దాఖలైన రిటర్ను అతని పక్షాన ఉండే తొలి సాక్ష్యం.

1961 చట్టం స్థానంలో 2025 నాటి ఆదాయపన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించారు. సెక్షన్ల సంఖ్యలు మారతాయి, భాష సరళమవుతుంది. 1855 నివేదిక ఎత్తిచూపిన సమస్య చిత్రహింస ఒక్కటే కాదు, బాధితుడు చెప్పుకోవడానికి చోటు లేకపోవడం. కొత్త చట్టాన్ని అంచనా వేయడానికి కూడా ఆ కొలతే వర్తిస్తుంది: గడువు దాటినవాడు తన కారణం చెప్పుకోవడానికి ఎంత దూరం నడవాలి, అక్కడ వినేదెవరు. పన్ను బకాయిలపై జరిగే తదుపరి పరిశోధనలు వసూలైన మొత్తాలతోపాటు అర్జీలను, వజా చిట్టాలను, మన్నింపు దరఖాస్తులను కూడా ఆధారాలుగా స్వీకరిస్తే, ఖజానా లెక్కలలో కనిపించని మనుషుల చరిత్ర వెలుగులోకి వస్తుంది.